పెంచేదొకరు, గెలిచేదొకరు

2026 జనవరి 19 రాత్రి మయామీ శివార్లలోని హార్డ్ రాక్ స్టేడియంలో ఇండియానా యూనివర్సిటీ 27-21 స్కోరుతో మయామీ యూనివర్సిటీని ఓడించి అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ జాతీయ టైటిల్ అందుకుంది. దశాబ్దాలుగా ఓటములకే పేరుపడ్డ జట్టు ఆ సీజన్‌లో ఆడిన పదహారు మ్యాచ్‌లూ గెలిచింది. అందరికీ నచ్చే కథ. ఆ కథ హోరులో పక్కకు వెళ్లిపోయిన సంగతి ఒకటుంది. ఇండియానాను గెలిపించిన క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా అంతకుముందు సీజన్ దాకా బర్కిలీలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ ఆటగాడు. ఎదుటి జట్టును నడిపిన కార్సన్ బెక్ అంతకుముందు ఐదేళ్లు జార్జియా యూనివర్సిటీలో గడిపినవాడు. ఇంకో ఏడాది వెనక్కి వెళ్లి 2025 జనవరిలో అట్లాంటాలో జరిగిన ఫైనల్ చూసినా అదే తీరు. గెలిచిన ఒహాయో స్టేట్‌కు ఆడిన విల్ హోవార్డ్ నాలుగేళ్లు కాన్సస్ స్టేట్‌లో ఆట నేర్చుకుని వచ్చాడు. ఓడిన నోటర్ డేమ్‌కు ఆడిన రైలీ లెనార్డ్ డ్యూక్ నుంచి వచ్చాడు.

వరసగా రెండు ఫైనళ్లు, నలుగురు క్వార్టర్‌బ్యాక్‌లు. వీళ్లలో ఒక్కరిని కూడా హైస్కూలు నుంచి తెచ్చి పెంచింది వాళ్లు ఫైనల్ ఆడిన యూనివర్సిటీ కాదు. పెద్ద జట్లు క్వార్టర్‌బ్యాక్‌లను తయారుచేసే పని తగ్గించుకుని, తయారైనవాళ్లను తెచ్చుకునే పనిలో పడ్డాయి. అలాగని తయారీ ఆగిపోలేదు. చిన్న ఊళ్లకు, చిన్న బడ్జెట్లకు తరలిపోయింది. దాని ఫలం మాత్రం పెద్దవాళ్ల దగ్గరే ఉండిపోయింది. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఇవాళ అందరూ డబ్బు గురించే మాట్లాడుతున్నారు. ఆటగాళ్లకు డబ్బు రావడంలో నాకు తప్పేమీ కనిపించదు. పెంచినవాడికి ఏమీ రాకపోవడమే ఈ వ్యవస్థలో అసలు లోపం.

ఈ ఆట అలవాటు లేని పాఠకుల కోసం నాలుగు మాటలు చెప్పాలి. అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడి చేసే జట్టు బంతితో మొదలుపెట్టే దాదాపు ప్రతి ఎత్తూ క్వార్టర్‌బ్యాక్ చేతి మీదుగానే సాగుతుంది. బంతి చేతికి రాకముందే ఎదుటి పదకొండు మంది ఎలా నిలబడ్డారో చూసి, వాళ్లు ఏం చేయబోతున్నారో అంచనా కట్టాలి. వచ్చాక అతనికి ఉండేది రెండున్నర, మూడు సెకన్లు. ఆ వ్యవధిలో తన మీదికి దూసుకొచ్చేవాళ్లను తప్పించుకుంటూ, బంతి అందుకునే ముగ్గురు నలుగురు రిసీవర్లను వరసగా చూసుకుంటూ, ఇంకా ఖాళీ కాని చోటుకు, ఖాళీ కాబోయే చోటుకు బంతి విసరాలి. తక్కిన స్థానాల్లో పొరపాటు చేస్తే పక్కవాడు సర్దుతాడు. ఇక్కడ సర్దేవాడు లేడు.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఆ స్థానం ఒక్కటే. పరుగెత్తేవాళ్లను, రిసీవర్లను మార్చి మార్చి ఆడించవచ్చు కానీ క్వార్టర్‌బ్యాక్‌ను అలా మార్చరు. క్రికెట్‌లో వికెట్‌కీపర్ పరిస్థితి మనకు తెలుసు. విశాఖ కుర్రాడు కోన శ్రీకర్ భరత్ 2015లోనే రంజీలో ట్రిపుల్ సెంచరీ కొట్టాడు. టెస్టు టోపీ మాత్రం 2023 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో గానీ దక్కలేదు. అదీ రిషబ్ పంత్ కారు ప్రమాదంలో గాయపడ్డాక. అయితే భరత్ కాచుకున్నన్నాళ్లూ ఆంధ్ర జట్టుకు ఆడుతూనే ఉన్నాడు. కాలేజీ క్వార్టర్‌బ్యాక్‌కు ఆ దారి లేదు. బెంచీ మీద ఉన్నవాడికి ఇంకెక్కడా ఆట ఉండదు, ఆడటానికి రెండో జట్టూ ఉండదు.

ప్రాక్టీసులోనైనా ఆడవచ్చు కదా అంటే అదీ చాలదు. కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ నిబంధన ప్రకారం సీజన్‌లో ఆటకు సంబంధించిన పని వారానికి 20 గంటలు మించకూడదు. వసంతకాలంలో జట్టుకు దొరికేవి 15 ప్రాక్టీసులు. శనివారం మ్యాచ్ పెట్టుకుని వారమంతా సన్నద్ధమయ్యే జట్టులో ప్రధాన ఆటగాళ్లతో కలిసి బంతి విసిరే అవకాశం చాలా వరకు మొదటి క్వార్టర్‌బ్యాక్‌కే పోతుంది. మిగిలింది రెండోవాడికి. మూడోవాడు, నాలుగోవాడు రాబోయే ప్రత్యర్థి ఎత్తులను అనుకరిస్తూ తమ డిఫెన్స్‌కు ప్రాక్టీసు ఇస్తారు. అంటే ఈ స్థానంలో అసలు కొరత ప్రతిభకు కాదు, బంతి చేతిలో ఉండే నిమిషాలకు. నియామకం నుంచి బేరసారాల దాకా అన్నీ ఆ కొరత చుట్టూనే తిరుగుతున్నాయి.

పాత రోజుల్లో ఈ కొరతను వరసక్రమంతో సర్దేవారు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు వచ్చి ఒక ఏడాది మ్యాచ్‌లకు దూరంగా ఉండి ఒళ్లు పెంచుకుంటాడు, రెండేళ్లు సీనియర్ వెనక నిలబడి చూస్తాడు, చివరి రెండేళ్లు ఆడతాడు. వినడానికి గురుకులంలా ఉంటుంది. లోపల ఉన్నది మాత్రం కట్టడి. కుర్రాడు డిగ్రీ పూర్తికాకుండా వేరే యూనివర్సిటీకి మారితే ఏడాది పాటు మ్యాచ్‌లు ఆడకుండా కూర్చోవాలి. అతన్ని తెచ్చిన కోచ్‌కు ఆ నియమం ఎప్పుడూ లేదు. లింకన్ రైలీ 2021 నవంబరు చివర ఓక్లహోమాను వదిలి సదరన్ కాలిఫోర్నియాకు వెళ్లాడు. అదే వారంలో బ్రయన్ కెల్లీ నోటర్ డేమ్ నుంచి లూసియానా స్టేట్ యూనివర్సిటీకి (ఎల్‌ఎస్‌యూ) మారాడు. వాళ్లను ఏడాది కూర్చోమన్నవాళ్లు లేరు. పాత కాలం బాగుండేదని వగచేవాళ్లు ఈ తేడాను దాటేసి మాట్లాడుతుంటారు.

కట్టడి విడిపోయింది కూడా విడతలవారీగా. 2018 అక్టోబరులో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. కోచ్ అనుమతితో పని లేకుండా తన పేరు అందులో నమోదు చేసుకుంటే చాలు, వేరే యూనివర్సిటీలు మాట్లాడవచ్చు. 2021 ఏప్రిల్‌లో మొదటిసారి మారేవాళ్లకు ఏడాది శిక్ష ఎత్తేశారు. అదే ఏడాది జూన్‌లో ఆల్స్‌టన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో ఎన్‌సీఏఏకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. జులై 1 నుంచి తమ పేరు, రూపం, గుర్తింపు మీద డబ్బు సంపాదించుకునే వీలు ఆటగాళ్లకు కలిగింది. ఎన్‌ఐఎల్ అని పిలిచేది దీన్నే. 2023 డిసెంబరులో వెస్ట్ వర్జీనియాలోని ఫెడరల్ కోర్టు రెండో, మూడో మార్పిడి మీద ఉన్న ఆంక్షలను ఆపేసింది. 2024 ఏప్రిల్‌లో ఎన్‌సీఏఏ లెక్కలేనన్ని మార్పిడులకు ఒప్పుకుంది. 2025 జూన్ 6న, ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన హౌస్ కేసు రాజీకి న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదముద్ర వేశాక యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకు చెల్లించవచ్చు. మొదటి ఏడాది ఒక్కో యూనివర్సిటీకి పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు.

ఇన్ని మార్పులూ ఏడేళ్లలో వచ్చాయి. వాటి బరువు అన్ని స్థానాల మీదా ఒకేలా పడలేదు. కాచుకోవడం ఎక్కువ, అవకాశం ఒక్కటే ఉన్న స్థానం మీదే ఎక్కువ పడింది. ఆడని క్వార్టర్‌బ్యాక్‌కు ఉండిపోవడానికి కారణమే లేకుండా పోయింది. రెండేళ్లలో వెళ్లిపోయేవాడి మీద సమయం పెట్టడానికి కోచ్‌కూ కారణం లేకుండా పోయింది. ఇద్దరూ తమ తమ లెక్క ప్రకారం సరైన పనే చేస్తున్నారు.

నియామకం ఎలా జరుగుతుందో చూస్తే ఈ లెక్క ఇంకా స్పష్టమవుతుంది. ప్రతి యూనివర్సిటీ ఏడాదికి ఒక్క క్వార్టర్‌బ్యాక్‌నే తీసుకుంటుంది, మహా అయితే ఇద్దరిని. అందుకే ఆ స్థానం అందరికన్నా ముందు నిండుతుంది. పదకొండో తరగతి పూర్తయ్యేలోపే పేరున్న కుర్రాళ్లు మాట ఇచ్చేస్తారు. ఒకడు మాట ఇస్తే ఆ యూనివర్సిటీ మీద ఆశ పెట్టుకున్న మిగతావాళ్లు వేరే చోటికి కదులుతారు. మాట ఇచ్చినవాడు తానే రిసీవర్లకు, లైన్‌మెన్‌కు ఫోన్లు చేసి తన వెంట రమ్మని పిలుస్తాడు. ఆ వయసులో వాళ్లను కొలిచేది రేటింగ్ కంపెనీలు ఇచ్చే నక్షత్రాలు, 1999 నుంచి నడుస్తున్న ఎలీట్ 11 లాంటి శిబిరాలు. ప్రైవేటు కోచ్‌ల దగ్గర పదేళ్లకే చేరిన పిల్లలు కొల్లలు. వేసవిలో ఏడుగురేసి ఆడే పోటీలుంటాయి. వాటిలో క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకొచ్చేవాడే ఉండడు. ఒత్తిడిలో తల ఎలా పనిచేస్తుందన్నదే ఈ స్థానానికి ప్రాణం. దాన్ని పూర్తిగా తీసేసిన ఆటలో కుర్రాళ్లను చూసి నక్షత్రాలు పంచుతున్నారు.

మనవాళ్లలో కొందరికి ఈ లోకం దూరపుది కాదు. డల్లాస్ ఉత్తర శివార్లలో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డ ఆలెన్ పట్టణంలో హైస్కూలు జట్టు కోసమే 2012లో కట్టిన స్టేడియం ఉంది. 18,000 సీట్లు, ఖర్చు సుమారు ఆరు కోట్ల డాలర్లు. కైలర్ మర్రీ అక్కడే ఆడాడు. క్వార్టర్‌బ్యాక్‌గా మూడు రాష్ట్ర టైటిళ్లు గెలిచాడు, ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. టెక్సస్ ఏ అండ్ ఎమ్‌లో చేరి, అక్కడ ఇమడలేక ఓక్లహోమాకు మారి, 2018లో కాలేజీ ఆటలో అత్యున్నతమైన హైస్‌మన్ ట్రోఫీ అందుకున్నాడు. అక్కడి మన పిల్లల్లో చాలామంది శుక్రవారం రాత్రి ఆ స్టేడియంలో బ్యాండు వాయిస్తూనో, చప్పట్లు కొడుతూనో పెరుగుతున్నారు. వాళ్ల తల్లిదండ్రులకు క్వార్టర్‌బ్యాక్ అంటే ఏమిటో నేను విడమరిచి చెప్పనక్కర్లేదు.

డల్లాస్ చుట్టుపక్కల నుంచే ఇంకో పేరు. సౌత్‌లేక్ కారల్ హైస్కూలు కుర్రాడు క్విన్ యూయర్స్‌కు రేటింగ్ సంస్థలు ఇవ్వగలిగినంత పూర్తి మార్కులు ఇచ్చాయి. ఎన్‌ఐఎల్ డబ్బు హైస్కూలులో తీసుకోకూడదని టెక్సస్ నియమం ఉండటంతో 2021లో చివరి ఏడాది హైస్కూలు ఆట వదులుకుని ఒహాయో స్టేట్‌కు వెళ్లిపోయాడు. అక్కడ మైదానంలోకి దిగింది రెండు ఎత్తులకు. రెండుసార్లూ బంతిని పక్కవాడికి అందించడమే తప్ప విసిరింది లేదు. ఏడాది తిరక్కుండా టెక్సస్‌కు మారాడు. మూడేళ్లు బాగానే ఆడాడు, జట్టును రెండుసార్లు జాతీయ సెమీఫైనల్‌కు తీసుకెళ్లాడు. ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే 2025 డ్రాఫ్ట్‌లో మాత్రం 231వ వాడిగా ఏడో రౌండులో అతని పేరు పిలిచారు.

అదే డ్రాఫ్ట్‌లో మొట్టమొదట పిలిచిన పేరు కామ్ వార్డ్. అతనికి హైస్కూలులో ఒక్క నక్షత్రం లేదు. టెక్సస్‌లో అతను చదివిన బడి పరుగు మీదే ఆధారపడే పాత తరహా ఆట ఆడేది. విసిరే అవకాశమే తక్కువ, కాబట్టి వీడియోలో చూపించడానికి ఏమీ లేదు. సాన్ ఆంటోనియోలోని ఇన్‌కార్నేట్ వర్డ్ అనే చిన్న యూనివర్సిటీ కోచ్ ఎరిక్ మారిస్ ఒక్కడే అతనిలో ఏదో చూశాడు. మారిస్ వాషింగ్టన్ స్టేట్‌కు వెళ్తే వార్డ్ వెంట వెళ్లాడు, చివరి ఏడాది మయామీకి ఆడాడు. అంతకుముందు తరంలో జోష్ ఆలెన్ కథ ఇంకా విచిత్రం. కాలిఫోర్నియాలోని ఫైర్‌బా అనే వ్యవసాయ పట్టణం నుంచి వచ్చిన ఈ కుర్రాడికి పై డివిజన్ యూనివర్సిటీ ఒక్కటీ స్కాలర్‌షిప్ ఇవ్వలేదు. జూనియర్ కాలేజీలో ఆడుతూ దేశంలోని కోచ్‌లకు ఈమెయిళ్లు పంపుకుని వ్యోమింగ్‌లో చోటు సంపాదించాడు. 2018లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు అతన్ని ఏడో స్థానంలో తీసుకుంది. 2024 సీజన్‌కు లీగ్ మొత్తంలో అత్యుత్తమ ఆటగాడు అతనే.

ఇలాంటి కథలు చెప్పి నక్షత్రాలు దండగ అనడం సులువే, కానీ న్యాయం కాదు. అయిదు నక్షత్రాల వాళ్లు ఏడాదికి సుమారు ముప్ఫై మంది, మూడు నక్షత్రాల వాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఉంటారు. శాతం చూస్తే పైవాళ్లే ఎక్కువగా పైకి వస్తారు. అయితే క్వార్టర్‌బ్యాక్ విషయంలో ఆ కొలత పట్టు సడలుతుంది. చేతి బలం, ఎత్తు, పరుగు వేగం కంటికి కనిపిస్తాయి. నాలుగో రిసీవర్ దాకా చూపు తిప్పే ఓర్పు, పొరపాటు చేశాక మళ్లీ అదే బంతి విసిరే గుండె నిబ్బరం పదిహేడేళ్లకు కనిపించవు. కొన్ని అప్పటికి పుట్టనే పుట్టవు. మెండోజా రెండు నక్షత్రాల కుర్రాడు. యేల్‌లో చేరతానని మొదట మాట ఇచ్చాడు.

కొలతలో కళ్లు కప్పిన మరో తెర రంగు. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లను రిసీవర్లుగానో, డిఫెన్స్‌లోనో మార్చడం అమెరికాలో తరాల పాటు సాగిన అలవాటు. వాషింగ్టన్ యూనివర్సిటీని గెలిపించిన వారెన్ మూన్‌ను 1978లో ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ఒక్కటీ తీసుకోకపోతే కెనడా వెళ్లి ఎడ్మంటన్‌కు వరసగా ఐదు టైటిళ్లు తెచ్చిపెట్టాడు. లమార్ జాక్సన్ తల్లి అయితే తన కొడుకును క్వార్టర్‌బ్యాక్‌గా తప్ప ఆడించబోమని మాట ఇచ్చిన యూనివర్సిటీనే చూసుకుంది. లూయీవిల్ ఆ మాట ఇచ్చింది. 2016లో అతను హైస్‌మన్ గెలిచాడు. అయినా రెండేళ్ల తర్వాత డ్రాఫ్ట్ సమయంలో అతన్ని రిసీవర్‌గా మారమన్న పెద్దమనుషులున్నారు. మొదటి రౌండులో చిట్టచివరి 32వ స్థానంలో తీసుకున్నారు. ఇప్పటికి అతను రెండుసార్లు లీగ్ అత్యుత్తమ ఆటగాడు.

కొలత ఇంత వదులుగా ఉన్నప్పుడు పెంపకం విలువ పెరగాలి. జో బర్రో ఉదాహరణ చాలు. ఒహాయో స్టేట్‌లో మూడేళ్లు బెంచీ మీద గడిపి డిగ్రీ చేతపట్టుకుని 2018లో ఎల్‌ఎస్‌యూకు వచ్చాడు. మొదటి సీజన్‌లో 16 టచ్‌డౌన్ పాస్‌లు, అంటే ఫర్వాలేదనిపించే ఆట. తర్వాతి ఏడాది జట్టు న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ నుంచి జో బ్రేడీ అనే కుర్ర కోచ్‌ను తెచ్చి దాడి పద్ధతి మార్చింది. అదే బర్రో 60 టచ్‌డౌన్ పాస్‌లు విసిరాడు, జట్టు 15 మ్యాచ్‌లూ గెలిచింది. ఏడాదిలో చేతి బలం పెరిగిపోలేదు కదా. పద్ధతి అతని తలకు సరిపోయింది, పక్కనున్న రిసీవర్లు కుదిరారు, రెండో ఏడాది కాబట్టి మనుషులు తెలుసు.

దీనికి తిరగబడ్డ ఉదాహరణ ఆబర్న్‌లో ఆడిన జేసన్ క్యాంబెల్. నాలుగేళ్లలో నలుగురు దాడి కోచ్‌లు మారారు. ప్రతి ఏడాదీ కొత్త ప్లేబుక్, కొత్త పదజాలం, అడుగులు వేసే తీరూ కొత్తదే. 2004లో నాలుగో కోచ్ చేతిలో గానీ అన్నీ కుదరలేదు. ఆ ఏడాది ఆబర్న్ 13 మ్యాచ్‌లకు 13 గెలిచింది. ఆ రోజుల్లో అది దురదృష్టం. ఇవాళ కుర్రాళ్లు తమంతట తామే ఏడాదికో యూనివర్సిటీ మారుతూ అదే దురదృష్టాన్ని డబ్బు తీసుకుని నెత్తికెత్తుకుంటున్నారు. కొత్త చోటికి వెళ్లిన ప్రతిసారీ మొదటి మూడు నెలలు భాష నేర్చుకోవడానికే పోతాయి.

డబ్బు కథల్లో జేడెన్ రషాడాది అందరికీ తెలిసినదే. ఫ్లోరిడా యూనివర్సిటీకి వస్తే 1.385 కోట్ల డాలర్లు అన్న ఒప్పందం చేతికి రాకుండానే చెదిరిపోయింది. తనను మోసగించారంటూ 2024 మేలో అతను అప్పటి ఫ్లోరిడా కోచ్ తదితరుల మీద దావా వేశాడు. అంతకన్నా పాఠం చెప్పేది టెన్నెసీ ఉదంతం. సుమారు 80 లక్షల డాలర్ల ఒప్పందంతో వచ్చాడని వార్తలకెక్కిన నీకో యామలియావా, జట్టును జాతీయ ప్లేఆఫ్‌కు తీసుకెళ్లిన కొద్ది నెలలకే, 2025 ఏప్రిల్‌లో, డబ్బు దగ్గర పేచీ వచ్చి యూసీఎల్‌ఏకు వెళ్లిపోయాడు. అక్కడ అప్పటికే ఉన్న జోయీ అగిలార్, కొన్ని నెలల క్రితమే అపలాచియన్ స్టేట్ నుంచి వచ్చి వసంతకాలం ప్రాక్టీసుల్లో పాల్గొన్నవాడు, తన చోటు పోయిందని గ్రహించి టెన్నెసీకి వచ్చాడు. రెండు యూనివర్సిటీలు క్వార్టర్‌బ్యాక్‌లను అటూ ఇటూ మార్చుకున్నట్లయింది. సీజన్ ముగిసేసరికి యూసీఎల్‌ఏ మూడు గెలిచి తొమ్మిది ఓడింది, మధ్యలోనే కోచ్ ఉద్యోగం ఊడింది. అగిలార్‌తో టెన్నెసీ రెగ్యులర్ సీజన్‌లో ఎనిమిది గెలిచింది. ధరకూ ఆటకూ ఉన్న సంబంధం ఎంతో ఈ మార్పిడి చూపించింది.

ఇక పెంచేవాళ్ల సంగతికి వద్దాం. వాషింగ్టన్ రాష్ట్రానికి తూర్పు కొసన, గోధుమ కొండల మధ్య పుల్‌మన్ అనే చిన్న పట్టణం. వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ అక్కడే ఉంది. బంతి విసరడమే ప్రధానంగా సాగే ఎయిర్ రెయిడ్ పద్ధతిని దేశమంతా వ్యాపింపజేసినవాళ్లలో ముఖ్యుడైన మైక్ లీచ్ ఇక్కడ ఎనిమిదేళ్లు కోచ్. ఆ పద్ధతి గొప్పతనం ఆకర్షణలో లేదు, పొదుపులో ఉంది. కొద్దిపాటి ఎత్తులే ఎంచుకుని, వాటినే వేలసార్లు విసిరిస్తారు. తక్కువ సమయంలో ఎక్కువ బంతులు చేతికి వస్తాయి. గొప్ప ఆటగాళ్లు రాని ఊళ్లో క్వార్టర్‌బ్యాక్ ఎదగడానికి ఇంతకన్నా తెలివైన దారి నాకు కనిపించలేదు. లీచ్ వెళ్లాక కూడా ఆ అలవాటు నిలిచింది. కామ్ వార్డ్ ఇక్కడ రెండేళ్లు ఎదిగి 2023 సీజన్ తర్వాత మయామీకి వెళ్లాడు. అతని వెనక కాచుకున్న జాన్ మటీర్ మరుసటి ఏడాది అదరగొట్టి ఓక్లహోమాకు వెళ్లాడు, అతనితోపాటు దాడి కోచ్ కూడా. అదే నెలలో హెడ్ కోచ్ వేక్ ఫారెస్ట్‌కు మారాడు. ఇదంతా జరుగుతున్నప్పుడు వాళ్ల సొంత లీగ్ ప్యాక్-12 నుంచి పది యూనివర్సిటీలు టీవీ డబ్బు కోసం వెళ్లిపోగా రెండే మిగిలాయి.

వరసగా రెండేళ్లు ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లను తయారుచేసిన యూనివర్సిటీకి ఏం దక్కింది? వార్డ్ మొదటి స్థానంలో డ్రాఫ్ట్ అయినందుకు పుల్‌మన్‌కు పైసా రాలేదు. మెండోజాకు బర్కిలీ రెండు సీజన్లు ఆట ఇచ్చింది, అతన్ని నిలబెట్టింది. అతను గెలిచిన హైస్‌మన్ ట్రోఫీ మాత్రం ఇండియానా అల్మరాలో ఉంది. ఇండియానాను తప్పుపట్టను. వాళ్ల కోచ్ కర్ట్ సిగ్నెట్టి నియమాలు ఎలా ఉన్నాయో చూసి ఆడుతున్నాడు. 2024లో ఒహాయో యూనివర్సిటీ నుంచి కర్టిస్ రూర్క్, 2025లో మెండోజా. అంతకుముందు ఇండియానాయే పెంచేవాళ్ల వైపు నిలబడింది. వరసగా నాలుగేళ్లు గాయాలతో సీజన్లు పోగొట్టుకున్న మైఖేల్ పెనిక్స్‌ను పోషించింది ఇండియానా, అతను వాషింగ్టన్‌కు వెళ్లి ఆ జట్టును 2023 సీజన్ ఫైనల్‌కు చేర్చాడు.

కాచుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. జేలెన్ హర్ట్స్‌ను 2018 జనవరిలో జార్జియాతో ఆడిన ఫైనల్ మధ్యలో అలబామా పక్కన కూర్చోబెట్టింది. అతను ఏడాది అక్కడే ఉండి, ఆ డిసెంబరులో అదే జార్జియా మీద బెంచీ నుంచి లేచి వచ్చి మ్యాచ్ నిలబెట్టి, డిగ్రీ పూర్తిచేసి ఓక్లహోమాకు వెళ్లాడు. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ అత్యుత్తమ ఆటగాడయ్యాడు. ఆర్చ్ మ్యానింగ్ టెక్సస్‌లో యూయర్స్ వెనక రెండేళ్లు ఆగాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో పేరు మోసిన క్వార్టర్‌బ్యాక్‌లు పేటన్, ఈలై అతని బాబాయిలు, ఆర్చీ తాత. ఆ ఇంట్లో పుట్టినవాడికి ఆగే స్తోమత ఉంది. తొందరపడి డబ్బు చేసుకోవాల్సిన అవసరం లేని కుటుంబాలే పెంపకానికి ఓపిక పట్టగలుగుతున్నాయన్నది ఈ వ్యవస్థ మీద చిన్న అభియోగం కాదు.

పాత కట్టడి తిరిగి తేవాలన్న వాదన నాకు సమ్మతం కాదు. కుర్రాడిని కదలనీయకుండా కట్టేసి దానికి శిక్షణ అని పేరు పెట్టడం మళ్లీ వద్దు. కదలిక ఉండాలి, పెంచినవాడికి వాటా ఉండాలి. ప్రపంచ సాకర్‌లో ఇది కొత్త కాదు. ఆటగాడు క్లబ్ మారినప్పుడు చెల్లించే మొత్తంలో 5 శాతాన్ని, పన్నెండేళ్ల నుంచి ఇరవై మూడేళ్ల మధ్య అతన్ని పెంచిన క్లబ్‌లకు పంచాలని ఫిఫా నియమం. కాలేజీ ఫుట్‌బాల్‌లో మారినందుకు యూనివర్సిటీలు ఒకదానికొకటి కట్టే మొత్తమంటూ లేదు కాబట్టి, కొత్త యూనివర్సిటీ ఆటగాడికిచ్చే దానిమీద లెక్కగట్టి తన జేబులోంచే పాత యూనివర్సిటీకి ఇంత అని చెల్లించాలి. ఆటగాడి సొమ్ములో కోత ఉండకూడదు. వార్డ్ లాంటివాడు మయామీకి వెళ్లిన రోజున పుల్‌మన్‌కు, ఇన్‌కార్నేట్ వర్డ్‌కు కొంత చేరితే, అక్కడి కోచ్ తర్వాతి కుర్రాడి మీద సమయం పెట్టడానికి కారణం దొరుకుతుంది. రెండు మూడేళ్ల ఒప్పందాలు ఉంటే కుర్రాడికీ తన పద్ధతి, తన కోచ్ నిలుస్తారన్న భరోసా ఉంటుంది.

అయితే ఇలాంటి ఏ నియమమైనా కోర్టులో నిలవాలి. ఎన్‌సీఏఏ ఏకపక్షంగా పెట్టిన ఆంక్షలను ఒకదాని తర్వాత ఒకటి గుత్తాధిపత్య నిరోధక చట్టం కింద కోర్టులు కొట్టేస్తూ వచ్చాయి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో డ్రాఫ్ట్, జీతాల పరిమితి నిలవడానికి కారణం అక్కడ ఆటగాళ్ల సంఘం కూర్చుని సంతకం పెట్టడం. కాలేజీల్లో సంఘం రావాలంటే ఆటగాళ్లను ఉద్యోగులుగా ఒప్పుకోవాలి. డార్ట్‌మత్ బాస్కెట్‌బాల్ కుర్రాళ్లు 2024 మార్చిలో 13-2 ఓట్లతో సంఘం పెట్టుకుంటే యాజమాన్యం వాళ్లతో చర్చలకే రాలేదు. ఆ ఏడాది చివరి రోజున వాళ్లు దరఖాస్తు వెనక్కి తీసుకున్నారు. యూనివర్సిటీల పెద్దలు దీనికి బదులు కాంగ్రెస్ చుట్టూ తిరుగుతున్నారు. వాళ్లు బలపరిచిన స్కోర్ బిల్లు ఎన్‌సీఏఏకు కోర్టుల నుంచి రక్షణ ఇస్తుంది, ఆటగాళ్లు ఉద్యోగులు కారని చట్టంలోనే రాసేస్తుంది. 2025 డిసెంబరులో ప్రతినిధుల సభలో ఓటింగుకు రావాల్సి ఉండగా బలం చాలక చివరి నిమిషంలో పక్కన పెట్టారు. జీతాలకు పరిమితి, మార్పిడికి పరిమితి, దావాలకు పరిమితి, అన్నీ అందులో ఉన్నాయి. ఆటగాడిని పెంచిన యూనివర్సిటీకి వాటా ఇవ్వాలన్న ఊసు లేదు.